41వ పేజీ ఫొటో

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా నాన్న నాకొక పని అప్పజెప్పారు. వినడానికి చాలా చిన్న పని. "తాతయ్య పుస్తకంలో ఒక ఫొటో నల్లగా వచ్చిందట, కాస్త తెల్లగా చెయ్యమ్మా. కంప్యూటర్ చదువుతున్నావు కదా." నేను చదివేది ఈసీఈ అని మూడేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. మా ఇంట్లో బీటెక్ అంటే కంప్యూటరే. టీవీ రిమోట్ పని చెయ్యకపోయినా నన్నే పిలుస్తారు.

ముందు పుస్తకం సంగతి చెప్పాలి. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక ఊరు. తాతయ్య అక్కడే స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఖాళీగా ఉండలేక మా ఊరి గురించి 64 పేజీల పుస్తకం రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు కాలవల్లోకి వచ్చిన దగ్గర్నుంచి, పడవల్లో కొబ్బరికాయలు వెళ్ళిన రోజులు, ఊళ్ళోకి కరెంటు రావడం, 1986 వరద, అన్నీ ఉంటాయి. 2008లో రాజమండ్రిలో 500 కాపీలు వేయించి, కనిపించిన వాళ్ళకల్లా ఊరికే ఇచ్చేశారు. ఇప్పుడు మా ఇంట్లో ఒక్కటే మిగిలింది, దానికీ అట్ట లేదు.

ఈ ఏడాది తాతయ్యకి సహస్ర చంద్ర దర్శనం. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా, వెయ్యి పున్నములు చూసిన వాళ్ళకి చేసే వేడుక అది. పున్నమికీ పున్నమికీ 29.53 రోజులు వేసుకుంటే 80 ఏళ్ళ 10 నెలలు వస్తుంది (వేసి చూశాను, సరిపోయింది). వచ్చిన వాళ్ళకి స్టీలు గిన్నెలు పంచే బదులు పుస్తకమే మళ్ళీ వేయించి ఇద్దామన్నారు నాన్న. 200 కాపీలు. తాతయ్య సరేనన్నారు కానీ ఒక్క షరతు పెట్టారు, 41వ పేజీ ఫొటో బాగుచెయ్యాలని.

నాన్న మెయిల్లో ఆ పుస్తకం పీడీఎఫ్ ఉంది. అసలు ఫైలు, అంటే పేజీలు కూర్చిన ఫైలు, అందులో పెట్టిన ఫొటోలు, ఏవీ లేవు. తాతయ్య టైపు చేయించిన డీటీపీ షాపు ఉన్న చోట ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. స్కానింగ్‌కి ఇచ్చిన అసలు ఫొటో కూడా ఆ రోజుల్లోనే పోయింది, తిరిగి ఇంటికి రాలేదు. నెగెటివ్ మాట అడగనే అక్కర్లేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదనుకుంటా. గోదావరి జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. గుడి చరిత్రో, స్కూలు స్వర్ణోత్సవ సంచికో, ఎవరో రిటైరైన మాస్టారి పద్యాలో. డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లోనో, తరవాత ఇన్‌డిజైన్‌లోనో, అను ఫాంట్లతో కూర్చినవి. కంప్యూటర్ మారినప్పుడు ఫైళ్ళు పోతాయి. పీడీఎఫ్ ఒక్కటి ఎవరి మెయిల్లోనో బతికి ఉంటుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కాన్ చేసిన పాత పుస్తకాల కథ వేరు. వాటిలో పేజీ మొత్తం కలిపి ఒకే బొమ్మ, కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ చెరుపుకోవచ్చు, గీసుకోవచ్చు. మా తాతయ్య పుస్తకంలో అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయి, ఫొటో ఫొటోగా ఉంది. అదే చిక్కు, అదే అదృష్టం కూడా.

మొదటి రోజు అందరూ చేసే పనే చేశాను. లిబ్రేఆఫీస్ డ్రాలో తెరిచాను. తాతయ్య 64 పేజీల తెలుగూ ఈక్వల్ గుర్తులు, ఇన్ఫినిటీ గుర్తులు, యూరప్ భాషల అక్షరాలు అయిపోయింది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ నోట్సులా ఉంది. కారణం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. కంప్యూటర్ దృష్టిలో అక్కడున్నది ఇంగ్లీషు కోడ్లే. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు తొడిగారు, తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఆ ఫాంటు పీడీఎఫ్ కడుపులో ఉన్నంతసేపే అది తెలుగు. బయటికి లాగితే తెలుగు కాదు. పైగా పీడీఎఫ్‌లో ఫాంటు మొత్తం ఉండదు, పుస్తకంలో వాడిన ముక్కల వరకే దాస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంక్‌స్కేప్‌లో పెట్టి చూశాను, అదీ అంతే. ఎడిటింగ్ వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి కానీ ఇంటి ఫొటోలు ఎవరి సర్వర్‌లోనో పడెయ్యడం నాకిష్టం లేదు.

రెండో రోజు బుద్ధొచ్చి పీడీఎఫ్ అంటే ఏమిటో చదివాను. 1993లో అడోబీ వాళ్ళు తెచ్చారు, 2008లో ఐఎస్ఓ ప్రమాణం అయింది. అంటే తాతయ్య పుస్తకం అచ్చయిన ఏడాదే. లోపల నంబర్లు వేసిన వస్తువులు ఉంటాయి. ఫాంటొక వస్తువు, బొమ్మొక వస్తువు, పేజీ ఒక వస్తువు. పేజీలో నిజానికి ఫొటో ఉండదు. "ఫలానా నంబరు బొమ్మ తీసుకో, ఇంత వెడల్పు ఇంత ఎత్తు చెయ్యి, ఇక్కడ పెట్టు" అనే ఆజ్ఞ మాత్రం ఉంటుంది. పెళ్ళి వంటలో మేస్త్రీ చీటీలాగ. సామాను కొట్టుగదిలో ఉంటుంది, చీటీలో పేరూ కొలతా ఉంటాయి. కాబట్టి ఫొటో మార్చాలంటే పేజీ జోలికి పోనక్కర్లేదు. కొట్టుగదిలో ఆ నంబరు మీద ఉన్న సామాను మారిస్తే చాలు, పక్కనున్న అక్షరం కూడా కదలదు.

దీనికి ఉచితంగా దొరికే పనిముట్లున్నాయి. పాప్లర్ అనే ప్యాకేజీలో పీడీఎఫ్‌ఇమేజెస్ అనే చిన్న కమాండ్ ఉంది, లిస్ట్ అని అడిగితే ఏ పేజీలో ఏ బొమ్మ, ఎన్ని పిక్సెళ్ళు, రంగా నలుపుతెలుపా, ఎలా కుదించారు, అన్నీ చెబుతుంది. బయటికి తియ్యమంటే జేపెగ్‌గా దాచినదాన్ని జేపెగ్‌గానే ఇస్తుంది, మళ్ళీ కుదించదు. ఇది ముఖ్యం. స్క్రీన్‌షాట్ తీసి పని కానిచ్చే వాళ్ళకి (నేను కూడా మొన్నటిదాకా ఆ జాతే) చెబుతున్నా, అలా చేస్తే మీ మానిటర్‌లో ఎన్ని పిక్సెళ్ళు కనపడితే అన్నే దక్కుతాయి. లోపల అంతకు మూడింతలు ఉండొచ్చు.

లిస్టులో 41వ పేజీ వరస చూశాను. వెడల్పు 1772, ఎత్తు 1181.

అప్పటికి రాత్రి పదకొండు దాటింది, నిద్రమత్తులో ఉన్నాను, అయినా ఆ అంకెలు ఎందుకో గుచ్చుకున్నాయి. పుస్తకంలో ఆ ఫొటో నిలువు ఫొటో. స్కేలు పెట్టి కొలిచాను. 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు. లిస్టులో ఉన్నది అడ్డం ఫొటో. అంగుళానికి 300 చొప్పున లెక్క వేస్తే 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు. ఎత్తు సరిపోయింది. వెడల్పులో 7 సెంటీమీటర్లు ఎక్కువున్నాయి. పిక్సెళ్ళలో చెబితే కాగితం మీద కనిపించేవి 945, కనిపించనివి 827.

బొమ్మని బయటికి తీసి తెరిచాను.

పుస్తకంలో ఉన్న ఫొటో ఇది. కూలిపోయిన అరుగు మీద మా ముత్తాత కూర్చుని ఉంటారు, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి ఒళ్ళో పడిపోయి ఉంటుంది. పక్కన తాతయ్య, నలభై రెండేళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి నిలబడి ఉంటారు. తాతయ్య ఎడమ చెయ్యి పక్కకి చాచి ఉంటుంది, మోచేతి దగ్గర ఫొటో అయిపోతుంది. చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లో చూశాను. స్తంభాన్ని పట్టుకున్నారనుకున్నాను.

స్తంభం కాదు. మా చిన్నతాత. తాతయ్య చెయ్యి చిన్నతాత భుజం మీద ఉంది. చిన్నతాత చేతిలో లాంతరు ఉంది, పగటి పూటే. ముగ్గురూ కెమెరా కేసి కాకుండా కొంచెం కిందికి, బురద కేసి చూస్తున్నారు.

మా తాతయ్యకీ చిన్నతాతకీ 2003లో పంపకాల్లో తేడా వచ్చింది. కొబ్బరితోట గట్టు దగ్గర 18 సెంట్లు. ఎవరిది న్యాయమో నాకు తెలీదు, ఎవరినడిగినా వాళ్ళదే న్యాయం. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాళ్ళిల్లు మా ఇంటికి కాలవ అవతలి పక్కే. చిన్నప్పుడు నేను వంతెన మీంచి వాళ్ళ మనవరాలికి చెయ్యూపేదాన్ని, మామ్మ చూసి లోపలికి పిలిచేసేది. 2021లో కోవిడ్‌తో చిన్నతాత పోయారు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేదు కాబట్టి తాతయ్యా వెళ్ళలేదు. అది సాకుగా కలిసొచ్చిందని మా అమ్మ అంటుంది, తాతయ్య లేనప్పుడు.

కాబట్టి 2008లో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తాతయ్య డీటీపీ షాపులో కుర్చీ వేసుక్కూర్చుని, ఈయన్ని కోసెయ్యండి అని ఉంటారు. ఆపరేటర్ కొయ్యలేదు. ఫ్రేము అంచుని జరిపాడు, అంతే. ఇన్‌డిజైన్‌లో పీడీఎఫ్ చేసేటప్పుడు ఫ్రేము బయట మిగిలిన బొమ్మని పారెయ్యాలా అని ఒక టిక్కు ఉంటుంది. ఆ రోజు ఆ టిక్కు లేదు. అందుకని చిన్నతాత పదిహేడేళ్ళు ఆ ఫైల్లో అలాగే నిలబడి ఉన్నారు, లాంతరు పట్టుకుని.

ఇక్కడ మీకొక మాట. పీడీఎఫ్‌లో కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆధార్ నంబరు మీద నల్ల పెట్టె గీసి పంపుతుంటాం కదా, చాలాసార్లు ఆ పెట్టె కింద నంబరు అలాగే ఉంటుంది. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానాఫర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన పీడీఎఫ్‌లో ఇలాగే నల్లగీతలు పెట్టారు. విలేకరులు కాపీ పేస్టు చేసి కింద ఉన్నదంతా చదివేశారు. ఇంకొకటి, కొన్ని సాఫ్ట్‌వేర్లు పీడీఎఫ్‌ని సేవ్ చేసినప్పుడు పాతదాన్ని చెరపవు. మార్పుల్ని ఫైలు చివర్లో అతికిస్తాయి. పాత బొమ్మ లోపలే ఉంటుంది. ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్లో స్టైపెండ్ మూసేసి స్టేటస్ పెట్టే సీనియర్లు గమనించగలరు.

సరే, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అడిగిన పని మాత్రం చేసుకుంటూ కూర్చున్నాను. గింప్‌లో లెవెల్స్ జరిపి చీకటిని కాస్త పైకి లేపాను. లేపగానే నీడల్లో గళ్ళు గళ్ళుగా తేలింది. అది జేపెగ్ సంగతి. బొమ్మని 8 బై 8 పిక్సెళ్ళ గళ్ళుగా చేసి ఒక్కో గడికీ డీసీటీ వేసి, కంటికి ఆనదనుకున్న వివరాన్ని పారేస్తుంది. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో సార్ బోర్డు మీద వేసిన కోసైన్లు మా ముత్తాత పంచె మడతల్లో కనిపించాయి. పారేసిందాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కాబట్టి ఎక్కువ ఆశపడకుండా, మొహాలు గుర్తుపట్టేంత వరకే వెలుతురు పెంచి ఆపేశాను. ఏఐ పెట్టి షార్ప్ చెయ్యమని మా తమ్ముడు సలహా ఇచ్చాడు. చేసి చూశాను కూడా. ముత్తాత మొహం చాలా నున్నగా, చాలా అందంగా వచ్చింది, కానీ అది ముత్తాత మొహం కాదు. తీసేశాను.

నాన్నకి చూపించాను. చాలాసేపు ఫోన్లో జూమ్ చేసి చూసి, "బాబాయి అప్పుడింత సన్నగా ఉండేవాడా" అన్నారు. "నాకు వాట్సాప్ చెయ్యి" అన్నారు. అంతే. అమ్మ మాత్రం, "ఎందుకొచ్చిన గొడవే, ఫంక్షన్ ముందు? తెల్లగా చెయ్యమన్నారు, తెల్లగా చేశావు, అక్కడితో వదిలెయ్" అంది. అమ్మ మాటలో తప్పు లేదు. 945 పిక్సెళ్ళ వరకూ పెట్టేసి అచ్చుకి పంపితే ఎవరికీ ఏమీ తెలీదు. నాకు నిజంగా అలా చెయ్యాలనే అనిపించింది కూడా. తాతయ్యకి బీపీ ఉంది.

కానీ ఎందుకో ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్ళాను. రాజమండ్రి నుంచి బస్సులో రావులపాలెం, కొత్తపేట మీదుగా గన్నవరం. దారంతా ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూనే ఉన్నాను. ఒక్క వాక్యమూ కుదరలేదు. చివరికి మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఉయ్యాలబల్ల మీద తాతయ్య పక్కన కూర్చుని ఊరికే తెరిచి పెట్టాను.

తాతయ్య కళ్ళజోడు సర్దుకున్నారు. చూశారు. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఇదెక్కడిది అమ్మడూ?"

"నీ పుస్తకంలోదే తాతయ్యా."

"నేను కోయించేశాను కదా."

"కొయ్యలేదు తాతయ్యా. మూసి పెట్టారంతే."

తాతయ్య లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు. మళ్ళీ కూర్చున్నారు. ఈసారి తనే స్క్రీన్ మీద వేలు పెట్టారు, లాంతరు మీద. "ఇది వరద రాత్రిది. నష్టపరిహారం కాగితాలకి ఫొటో కావాలంటే వారం తరవాత అమలాపురం నుంచి స్టూడియో వాడు వచ్చాడు. వీడు దాన్ని కింద పెట్టనన్నాడు. అందులో కిరసనాయిలు కూడా లేదు."

తర్వాత అట్ట లేని పుస్తకం తెమ్మన్నారు. 40వ పేజీ తీసి నాకిచ్చి చదవమన్నారు. 1986 ఆగస్టు 16 రాత్రి గురించి రాసిన పేజీ అది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఆ అంకె తాతయ్య పుస్తకంలో రెండుసార్లు రాశారు. ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు రావడం, గేదెల పలుపులు కోసెయ్యడం, ఏటిగట్టు మీదికి ఎక్కడం. అందులో ఒక వాక్యం, "నేను నాన్నగారిని వీపున వేసుకుని గట్టు మీదికి చేర్చాను."

"నేను కాదు," అన్నారు తాతయ్య. "వాడు మోశాడు. నేను ముందు లాంతరు పట్టుకుని నడిచాను. నాకు ఈత రాదు కదా, వాడికి వచ్చు."

నాకేం అనాలో తోచలేదు. ఆ పుస్తకం నేను ఆరో తరగతిలో స్కూల్లో చదివాను. ఆ వాక్యం స్టేజి మీద చెప్పి స్టీలు గ్లాసు ప్రైజు తెచ్చుకున్నాను. తాతయ్య ఫస్టు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

"ఇది మార్చడం అవుద్దా?" అని అడిగారు.

"మొత్తం వాక్యం అంటే కష్టం తాతయ్యా, లైన్లు కిందా మీదా అయిపోతాయి. రెండు మూడు అక్షరాలైతే అవుతుంది."

తాతయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు, మాస్టారు కదా. "అయితే 'నేను' తీసి 'మేము' పెట్టు. 'చేర్చాను' తీసి 'చేర్చాము' పెట్టు. మూడక్షరాలు."

మేము అన్నది కూడా పూర్తిగా నిజం కాదని నాకు తెలుసు. మోసింది ఒక్కరే. అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఎనభై ఏళ్ళ మనిషి మూడక్షరాలు కదిలారు, ఇంక నాలుగోది నేను లాగలేకపోయాను. ఇందులో నాది తప్పంటే ఒప్పుకుంటాను.

ఆ రాత్రి మేడ మీద కూర్చుని పని మొదలుపెట్టాను. ఫొటో మార్చడం తేలిక. పైథాన్‌లో పైమూపీడీఎఫ్ అనే లైబ్రరీ ఉంది. ఫలానా నంబరు బొమ్మ స్థానంలో ఈ ఫైలు పెట్టు అంటే పెట్టేస్తుంది, రెండు లైన్ల కోడు. అయితే అలా పెట్టినా కనిపించేది మళ్ళీ 8 సెంటీమీటర్లే, ఎందుకంటే ఫ్రేము అంచు పేజీ ఆజ్ఞల్లో ఉంది. క్యూపీడీఎఫ్‌తో ఫైలుని విప్పి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో చదివేలా చేశాను. 41వ పేజీలో ఫొటో పిలుపుకి కొంచెం పైన ఒక దీర్ఘచతురస్రం కొలతలు, దాని పక్కన డబ్ల్యూ అనే అక్షరం. ఆ గీత లోపలున్నదే చూపించు, మిగతాది మూసెయ్ అని దానర్థం. మా ఇంట్లో 2003 నుంచి ఉన్న గీత అది. ఫైల్లో మాత్రం నాలుగంకెలు.

పూర్తి ఫొటో 15 సెంటీమీటర్లు, పేజీలో అక్షరాల వెడల్పు పదిన్నర. కాబట్టి ఫొటోని పదిన్నరకి తగ్గించాను, ఎత్తు 7కి దిగింది. తగ్గిస్తే నష్టం లేదు, అవే పిక్సెళ్ళు తక్కువ చోట కూర్చుంటాయి, అంగుళానికి 300 ఉన్నది 428 అవుతుంది. కింద 3 సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది. శీర్షికని పైకి జరిపాను.

శీర్షికతోనే వచ్చింది చిక్కు. "వరద తరువాత మా ఇంటి అరుగుపై మా నాన్నగారు, నేను" అని ఉంది. "తమ్ముడు" అన్న మాట చేర్చాలి. ముందు చెప్పాను కదా, ఫాంటులో వాడిన ముక్కలే ఉంటాయని. "మేము" అయితే 40వ పేజీలోనే కింద ఇంకోచోట ఉంది, దాని కోడ్లు కాపీ చేసి పైకి తెచ్చాను. "ము" కూడా అందులోంచే. వెడల్పు పెరిగితే మాటల మధ్య ఖాళీ కొంచెం తగ్గించాను, పట్టి చూస్తే తప్ప తెలీదు. "తమ్ముడు" ఎక్కడుందో వెతకాలి. యూనికోడ్ కాదు కాబట్టి సెర్చ్ పనిచెయ్యదు. పుస్తకం మొదటి నుంచి కళ్ళతో చదవాల్సి వచ్చింది.

అప్పుడు గమనించాను. తాతయ్య అమ్మ ఉంది, నాన్న ఉన్నారు, అక్కచెల్లెళ్ళున్నారు, మేనమామ ఉన్నారు, గేదెల పేర్లు కూడా ఉన్నాయి. తమ్ముడు లేడు. ఎక్కడా లేడు. చివరికి 19వ పేజీలో ఒక పడవ సరంగు కథలో దొరికింది, "అతని తమ్ముడు కాకినాడ వెళ్ళిపోయాడు" అని. ఆ సరంగు తమ్ముణ్ణి కాపీ చేసి మా శీర్షికలో పెట్టాను. సైజు రెండు పాయింట్లు తగ్గించాను. కొత్త శీర్షిక: "మా నాన్నగారు, నేను, తమ్ముడు." పేరు వెయ్యాలంటే ఆ పేరులో ఒక అక్షరం పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. ఫాంటులో ఆ ముక్కే లేదు.

పొద్దున్నే గన్నవరంలో ఆ రెండు పేజీలూ ప్రింటు తీయించి తాతయ్యకిచ్చాను. అచ్చుకి పంపెయ్యనా అని అడిగాను. తాతయ్య కాగితాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "ముందు అవతలింటికి పట్టుకెళ్ళు," అన్నారు. "మీ చిన్నమామ్మకి చూపించి, వేసుకోమంటారా వద్దంటారా అని అడుగు. వద్దంటే మానేద్దాం. బావగారు అడగమన్నారని చెప్పు."

వంతెన దాటి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళడం నా జ్ఞాపకంలో అదే మొదటిసారి. చిన్నమామ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. "మాస్టారి మనవరాలివా? రామ్మా, ఎండలో నుంచున్నావేంటి, ఆయ్, లోపలికి రా." చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం తీసుకుంది. నేను చెప్పాల్సింది చెప్పాను. వినిపించుకున్నట్టు లేదు. ఫొటోనే చూస్తోంది.

తర్వాత రెండో కాగితం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ వాక్యం దగ్గర ఆగింది.

"మేమా?" అంది. నా మొహంలోకి చూసింది. నాకు చెవులు వేడెక్కాయి. చిన్నమామ్మ చిన్నగా నవ్వింది. "సర్లే. ఆ చీకట్లో లాంతరు లేకపోతే ఈయన మాత్రం ఎక్కడికి నడుస్తాడు. వేసుకోమను. మా పెద్దాడికొకటి, మాకొకటి, రెండు పుస్తకాలు పంపమను."

వచ్చేస్తుంటే మళ్ళీ పిలిచింది.

"ఇదిగో అమ్మాయ్, ఇందులో ఈయన్నొక్కణ్ణీ కోసి పెద్దది చేసిస్తావా, గోడకి? ఆ వయసులోది మా దగ్గర ఒక్కటీ లేదు."

"ఇస్తాను చిన్నమామ్మా. కానీ ఎలా కోసినా తాతయ్య చెయ్యి వచ్చేస్తుంది, భుజం మీద."

చిన్నమామ్మ కాగితాన్ని ఇంకోసారి కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఉండనీలే," అంది.